లక్ కలిసిరావాలంటే ఏం చేయాలి? మా జిరాక్స్ షాపు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. ఉద్యోగాల దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు, రిజల్ట్ ప్రింట్లు తీయడం మా పని. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఈ కౌంటర్ వెనక నిలబడి నేను ఎక్కువగా విన్న మాట "నా లక్కే ఇంత బాబాయ్". రిజల్ట్ చూసుకుని ఒకడంటాడు, ఓటీపీ రాక ఒకమ్మాయి అంటుంది, యార్డులో మిర్చి అమ్ముకుని పాస్‌బుక్ జిరాక్స్ కోసం వచ్చిన రైతూ అంటాడు. పదే పదే ఎదురయ్యే ఆ ప్రశ్నలకు నేను చదివిందీ చూసిందీ కలిపి ఇక్కడ రాశాను. నేను జ్యోతిష్కుణ్ణి కాను. సైకాలజీ డిగ్రీ కూడా లేదు.

అదృష్టం పెంచుకుంటే పెరిగేదేనా? నుదుట రాసిపెట్టి ఉంటుంది కదా?

అదృష్టం అంటేనే కంటికి కనబడనిది అని అర్థం. "అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడు, దురదృష్టవంతుణ్ణి బాగుచేసేవాడు లేడు" అని పెద్దవాళ్ళు తేల్చేశారు. నేను ఇందులో సగమే ఒప్పుకుంటాను. ఏ ఇంట్లో పుట్టాం, ప్రశ్నపత్రంలో ఏ చాప్టర్ నుంచి ఎక్కువ వచ్చింది, ఇంటర్వ్యూలో ఎదురుగా ఎవరు కూర్చున్నారు, వీటి మీద మనకు పట్టు లేదు. ఎన్ని చోట్ల ప్రయత్నించాం, కళ్ళ ముందున్నది చూశామా, మనకేం కావాలో ఎంతమందికి తెలుసు, దెబ్బ తగిలితే ఎంత పోతుంది, ఈ నాలుగూ మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి.

లక్ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడా ఏమిటో ఎవరైనా పరీక్షించి చూశారా?

చూశారు. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ వైజ్‌మన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఉన్నారు. "నాకు అన్నీ కలిసొస్తాయి" అనుకునేవాళ్ళనీ, "నేను పట్టుకుంటే బంగారం కూడా మట్టే" అనుకునేవాళ్ళనీ పోగుచేసి ఏళ్ళ తరబడి గమనించారు. ఒకసారి అందరికీ ఒక వార్తాపత్రిక ఇచ్చి, ఇందులో ఎన్ని ఫొటోలున్నాయో లెక్కపెట్టమన్నారు. లక్ లేదనుకునేవాళ్ళకు దాదాపు రెండు నిమిషాలు పట్టింది. లక్ ఉందనుకునేవాళ్ళు కొద్ది సెకన్లలోనే చెప్పేశారు. కారణం రెండో పేజీలోనే ఉంది. "లెక్కపెట్టడం ఆపండి, ఇందులో 43 ఫొటోలున్నాయి" అని సగం పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో వేసి ఉంది! ఫొటోల మీదే కళ్ళుపెట్టి కంగారుగా తిప్పేసినవాళ్ళకు అది కనబడలేదు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా షాపులో ఈ ప్రయోగం ఏటా జరుగుతూనే ఉంటుంది. ఫీజు గడువు పెంచినప్పుడల్లా తెల్ల కాగితం మీద లావు అక్షరాలతో ప్రింట్ తీసి గోడకు అంటిస్తాను. సరిగ్గా దాని కిందే నిలబడి, చెమటలు తుడుచుకుంటూ, "బాబాయ్, డేట్ అయిపోయిందా?" అని అడుగుతారు. చదువురాక కాదు, ఎంఎస్సీలు, బీటెక్‌లు చేసినవాళ్ళే. టెన్షన్‌లో ఉన్న మనిషి వెతుకుతున్నదొక్కటే చూస్తాడు, పక్కనున్నది చూడడు.

వైజ్‌మన్ ఆ తర్వాత కొంతమందికి నెలరోజుల పాటు అలవాట్లు మార్చుకునే శిక్షణ కూడా ఇచ్చారు. నూటికి ఎనభై మంది ఇప్పుడు మాకు లక్ పెరిగింది, సంతోషంగా ఉన్నాం అన్నారట. అది వాళ్ళంతట వాళ్ళు చెప్పుకున్న మాట, కొలబద్ద పెట్టి కొలిచింది కాదు. అందుకే ఈ రెండో అంకెను నేను కాస్త తగ్గించే తీసుకుంటాను. పేపరు ప్రయోగం మాత్రం కళ్ళకు కట్టినట్టుంటుంది.

అయితే టెన్షన్ పడొద్దు అంటారు. అంతేనా?

"టెన్షన్ పడకు" అంటే తగ్గేదైతే ఊళ్ళో ఎవరికీ ఉండేది కాదు. టెన్షన్ పుట్టే చోటు మార్చుకోవాలి. దరఖాస్తుల సంగతే చూడండి. చివరి రోజు వచ్చేవాళ్ళకు సర్వర్ పనిచేయదు, ఫొటో సైజు 50 కేబీ దాటిందంటుంది, సంతకం స్కాన్ మసకగా ఉందంటుంది, కుల ధ్రువీకరణ పత్రం పాతదైపోయి ఉంటుంది. ఇవే ఇబ్బందులు వారం ముందు వచ్చినవాళ్ళకూ ఉంటాయి. వాళ్ళు మళ్ళీ రేపు వస్తారు, అంతే. గడువు తేదీ ఐదు రోజులు ముందే ఉన్నట్టు మీ కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క పనితో బాగుపడిన జాతకాలను నా కళ్ళతో చూశాను.

నాలుగేళ్ళుగా రాస్తున్నా రావట్లేదు. ఇంకెన్నిసార్లు?

ముందు లెక్క చూద్దాం. ఏదైనా ఒక ప్రయత్నంలో గెలిచే అవకాశం నూటికి 5 అనుకోండి. ఒక్కసారి ప్రయత్నించినవాడికి 95 పాళ్ళు ఓటమే. అలాంటివి ఇరవై వేర్వేరు ప్రయత్నాలు చేస్తే కనీసం ఒకటి తగిలే అవకాశం నూటికి 64 అవుతుంది. బయటివాళ్ళకు ఆ ఒక్కటే కనిపిస్తుంది, "నక్క తోక తొక్కాడురా" అంటారు. మిగతా పందొమ్మిది ప్రింట్లు తీసింది నేను కాబట్టి నాకు తెలుసు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ ఇరవై నిజంగా వేర్వేరుగా ఉండాలి. అదే నోట్స్ అదే తీరులో చదివి, అదే పరీక్షను ఐదోసారి రాస్తే అది ఒకే ప్రయత్నాన్ని ఐదుసార్లు జిరాక్స్ తీసినట్టే. ప్రతి ప్రయత్నానికీ ఒక్కటైనా మారాలి. పోయినసారి ఏ విభాగంలో మార్కులు పోయాయో కాగితం మీద రాసి చూపించమంటే చాలామంది దగ్గర జవాబు ఉండదు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఇక వయసు, ఇంటి పరిస్థితి కూడా లెక్కలోవే. పక్కనే ఒక చిన్న ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్ళు ఎక్కువ కాలం నిలబడటం చూశాను. ఒక్కదాని మీదే అన్నీ పెట్టినవాళ్ళు రెండో ఓటమికే కూలిపోవడమూ చూశాను.

తెలిసినవాళ్ళు ఉంటేనే పనులవుతాయి కదా? మాకెవరూ లేరు.

దగ్గరవాళ్ళు లేరని బాధపడకండి. ఉద్యోగం కబురు ఎక్కువగా వాళ్ళ నుంచి రాదు. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఈ సంగతి తేల్చారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను, ఆ మనిషిని ఎంత తరచుగా కలుస్తారు అని అడిగారు. తరచూ కలుస్తాం అన్నవాళ్ళు నూటికి 17 మందికి మించలేదు. అప్పుడప్పుడూ అన్నవాళ్ళు 55 మందికి పైనే, ఎప్పుడో అరుదుగా అన్నవాళ్ళు 28 మంది దాకా. మన ఇంట్లోవాళ్ళకూ రూమ్మేట్లకూ మనకు తెలిసిందే తెలుస్తుంది. మనం వెళ్ళని చోటికి వెళ్ళేవాడే మనం వినని కబురు తెస్తాడు. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద చేసి, 2022లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఇదే తేలింది. బొత్తిగా ముఖపరిచయం కన్నా కాస్త ఎక్కువ తెలిసినవాళ్ళ వల్ల మేలు ఎక్కువ.

మన ఊళ్ళో దీనికి ఖర్చు లేదు. రోజూ గుంటూరు నుంచి విజయవాడకు రైల్లో వెళ్ళొచ్చేవాళ్ళు వందల మంది ఉన్నారు. గంట ప్రయాణంలో అందరూ ఫోన్లోకి తల దించేస్తారు. వారానికి ఒక్కరోజు వేరే పెట్టె ఎక్కండి, పక్కవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడండి. పొద్దున ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవాళ్ళలో రిటైరైన లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు బోలెడంతమంది ఉంటారు. ఎవరో ఒకరు పలకరిస్తే బాగుండునని ఎదురు చూస్తుంటారు కూడా. ఊళ్ళోవాళ్ళ పెళ్ళికి వెళ్తే భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చేయకుండా ఒక అరగంట కూర్చోండి. ఇంట్రోవర్ట్ అయితే? అరగంట కాకపోతే పది నిమిషాలు.

అడగాలంటే మొహమాటం. ఏమనుకుంటారో అని.

ఈ ప్రశ్నకు నా సొంత కథే చెప్పాలి. 2011లో మెయిన్ రోడ్డు మీద మూలషాపు ఖాళీ అవుతోందని నాకు ముందే తెలుసు. ఆ ఇంటాయన మా దగ్గరే కాగితాలు జిరాక్స్ తీయించుకునేవారు. అద్దె ఎక్కువ చెప్తారేమో, కాదంటే మొహం చెల్లదేమో అని మూడు వారాలు నాన్చాను. ఒకరోజు చూస్తే షట్టర్‌కి కొత్త బోర్డు. "అయ్యో, నువ్వు అడిగితే నీకే ఇచ్చేవాణ్ణి కదయ్యా, నీకు అవసరం లేదేమో అనుకున్నా" అన్నారాయన. చాలాకాలం దాన్ని నా దురదృష్టం కింద జమకట్టాను. ఇప్పుడు దాని అసలు పేరు మొహమాటం అని ఒప్పుకుంటాను.

అడగందే అమ్మయినా పెట్టదు. పైగా అవతలివాళ్ళు ఎంత సులువుగా సరే అంటారో మనం బాగా తక్కువగా అంచనా వేస్తామని అమెరికాలో 2008లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఎలా అడగాలంటే, చిన్నగా, కచ్చితంగా. "అంకుల్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అంటే ఆయన తలూపి మర్చిపోతారు. "అంకుల్, నేను బీకాం చేశాను, ట్యాలీ వచ్చు. ఆటోనగర్‌లో మీకు తెలిసిన షాపుల్లో అకౌంట్స్ రాసే మనిషి కావాలంటే నా నంబరు ఇస్తారా?" అంటే ఆయనకు వెంటనే ఎవరో ఒకరు గుర్తొస్తారు.

విజన్ బోర్డు (కావలసినవాటి బొమ్మలు అతికించిన అట్ట) పెట్టుకుంటే అనుకున్నది జరుగుతుందా?

కావాలంటే కలర్ ప్రింట్ తీసి, లామినేషన్ చేసి ఇస్తాను. నాకు బోణీ జరుగుతుంది.

మీకు జరిగే సంగతి మాత్రం వేరు. గాబ్రియెలె ఎట్టింగెన్ అనే జర్మన్ సైకాలజిస్టు, చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళను రెండేళ్ళ పాటు గమనించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తియ్యగా ఊహించుకుంటూ ఎక్కువ గడిపినవాళ్ళు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్ళకు ఆఫర్లూ తక్కువే వచ్చాయి, జీతాలూ తక్కువే. ఊహలోనే కడుపు నిండిపోతుంది కాబోలు. నాకు వస్తుందన్న నమ్మకం వేరు, అది మంచిదే. ఆవిడ చెప్పే మార్గం ఇది: కావలసింది అనుకోండి, వెంటనే నాలోని ఏ అడ్డంకి దాన్ని ఆపుతోంది అని అడగండి, ఆ అడ్డంకి ఎదురైనప్పుడు ఏం చేస్తానో ముందే వాక్యంగా రాసుకోండి. "రాత్రి భోజనం అయ్యాక రీల్స్ చూడాలనిపిస్తే, ఫోన్ అమ్మకిచ్చి మేడ మీదికి వెళ్తాను." లామినేషన్ చేయించాల్సిన వాక్యం ఇలాంటిది.

రాహుకాలం, వర్జ్యం, పిల్లి ఎదురు రావడం, ఇవన్నీ మానేయాలా?

మానేయమని నేనెవరికీ చెప్పను. మా ఇంట్లోనూ చూస్తారు. లెక్క ఒక్కటి గుర్తుంచుకోండి. రాహుకాలం రోజుకు గంటన్నర, అంటే వారానికి పదిన్నర గంటలు. దానికి యమగండం, దుర్ముహూర్తం, వర్జ్యం కలిపితే పని చేసుకునే వేళల్లో మంచి భాగం పోతుంది. ఒక మంగళవారం, సాయంత్రం ఐదింటికి గడువు ముగిసే దరఖాస్తుతో ఒకబ్బాయి వచ్చాడు. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం, వాళ్ళ అమ్మ వద్దంది. బయట బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగు ముప్పైకి మొదలుపెట్టాం. నాలుగు యాభైకి పేమెంట్ దగ్గర పేజీ తిరుగుతూ ఆగిపోయింది. ముహూర్తం చూసుకోవాలంటే శుభ్రంగా చూసుకోండి, కానీ అంతకు వారం ముందు.

ఉంగరం, లక్కీ పెన్ను పనిచేస్తాయా?

2010లో జర్మనీలో ఒక ప్రయోగం జరిగింది. గోల్ఫ్ బంతి చేతికిస్తూ "ఇది కలిసొచ్చే బంతి" అని చెబితే బాగా ఆడారని దాని ఫలితం. ప్రపంచమంతా రాసుకున్నారు. అందులో ఉన్నది 28 మంది. 2014లో వేరేవాళ్ళు వందమందికి పైగా మనుషులతో అదే మళ్ళీ చేసి చూస్తే తేడా ఏమీ రాలేదు. పెన్ను ధైర్యమిస్తే జేబులో ఉంచుకోండి. రీఫిల్ ఉందో లేదో కూడా చూసుకోండి. రాయి ఉంగరానికి అప్పు చేయకండి.

వరసగా పోయాయి కాబట్టి ఈసారి తప్పకుండా నాకే వస్తుంది. ఆన్‌లైన్ రమ్మీలో ఇంకొక్కసారి?

వద్దు. 1913 ఆగస్టులో మాంటే కార్లో కాసినోలో చక్రం వరసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. "ఇంక ఎరుపే" అని ప్రతిసారీ డబ్బు పెంచుకుంటూ పోయినవాళ్ళు మునిగారు. చక్రానికీ పేకకీ పాత ఆటలు గుర్తుండవు, మీ అప్పు అసలే గుర్తుండదు. పైన ఇరవై ప్రయత్నాల లెక్క చెప్పానని ఇక్కడ వాడకండి. ఉద్యోగ ప్రయత్నంలో పోయేది ఫీజు, కాస్త కాలం. ఇక్కడ ప్రతి ఆటలోనూ నిర్వాహకుడి వాటా ముందే కోసేస్తారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

పోయినేడు మిర్చి దాచాను, ధర దిగింది. అంతకుముందు అమ్మేశాను, పెరిగింది. నాకు శని పట్టిందా?

ధర పెరుగుతుందో తగ్గుతుందో యార్డులో ముప్పై ఏళ్ళున్న కమీషన్ వ్యాపారికే తెలియదు. తెలిస్తే ఆయన ఇంకా అక్కడ కూర్చుని టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెడుతూ ఉండరు. మీరు తీసుకున్న నిర్ణయం వేరు, వచ్చిన ఫలితం వేరు. మంచి నిర్ణయానికి చెడు ఫలితం రావచ్చు, తెలివితక్కువ పనికి లాభమూ రావచ్చు. రెండో రకమే ఎక్కువ ప్రమాదం, మనిషి దాన్ని తన గొప్ప అనుకుంటాడు.

మా షాపుకు వచ్చే ఒక పెద్దాయన పద్ధతి నాకు నచ్చింది. అప్పుకూ కూలీలకూ కావలసినంత సరుకు కోసిన వెంటనే అమ్మేస్తాడు. మిగిలింది రెండు భాగాలు చేసి ఒకటి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ఆయనకు ఎప్పుడూ అత్యధిక ధర రాలేదు. ఎప్పుడూ పూర్తిగా మునగనూ లేదు. ఎందుకు అమ్మానో, ఎందుకు దాచానో ఆ రోజే డైరీలో ఒక వాక్యం రాసుకుంటాడు. ఏడాది తర్వాత "నాకు ముందే తెలుసు" అని తనకు తాను అబద్ధం చెప్పుకునే వీలు లేకుండా!

ఫెయిలైతే మంచికే అంటారు. నిజమేనా?

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ వచ్చింది. హార్వర్డ్‌లో ప్రొఫెసర్ పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు, అక్కడే ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వంటి మందుల వెనక పరిశోధన నడిపించారు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటే ఇదేనేమో అనిపిస్తుంది.

కానీ అలాగే ఫెయిలై ఎక్కడికీ చేరనివాళ్ళ కథలు ఎవరూ రాయరు. కాబట్టి ఫెయిలవడం దానంతటదే మంచిది కాదు. ఒక తలుపు మూసుకున్నాక ఆయన చేతిలో పని ఉంది, పక్కన ఇంకో తలుపు కనబడింది. మీ చేతిలో ఏ పని ఉందో చూసుకోండి.

దురదృష్టాన్ని ఆపలేం. కనీసం దెబ్బ తగ్గించుకోవచ్చా?

ఇది అన్నిటిలోకీ తక్కువమంది అడిగే ప్రశ్న, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. మా చెల్లెలి ఇల్లు అటే. ఆ వీధి మీదికి నీళ్ళు రావడం ఎవరి మైండ్‌సెట్ తప్పూ కాదు. ఆ తర్వాత మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కోలా జరిగింది. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉన్నవాళ్ళకు వరద నష్టం రాదు. కాంప్రహెన్సివ్ (మన బండి నష్టానికీ వర్తించేది) ఉన్నవాళ్ళకు వస్తుంది. అది ఉండి కూడా మునిగిన బండిని ఆత్రంగా స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే, ఇంజిన్ రక్షణ విడిగా తీసుకోకపోతే కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. సర్టిఫికెట్లు తడిసిపోయినవాళ్ళు తర్వాత నెలలకొద్దీ తిరిగారు. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉన్నవి ఉన్నాయి, లేనివి స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి. బీరువాలో కింది అరలో కాకుండా పై అరలో పెట్టండి. నాలుగైదు నెలల ఖర్చు పక్కన పెట్టగలిగితే అంతకు మించిన తాయెత్తు లేదు.

ఇవన్నీ ఉన్నవాళ్ళ కబుర్లు కాదా? లేనివాడికి లక్ ఎక్కడిది?

నిజమే. ఫీజు కట్టడానికే అప్పు చేసేవాడు ఇరవై ప్రయత్నాలు చేయలేడు. ఒక్క జ్వరం అతని ఏడాదిని తినేస్తుంది. అలాంటివాణ్ణి చూసి "నీ ఆలోచన మార్చుకో" అనడం మూలిగే నక్క మీద తాటిపండు వేయడమే. మీకు కలిసొచ్చి ఉంటే, మీకు తెలిసిన నోటిఫికేషన్ మీ ఊళ్ళో ఇంకో నలుగురికి పంపండి. ఒకడి లక్ చాలాసార్లు ఇంకొకడు పంపిన మెసేజే.

ఏమీ చేయాలనిపించట్లేదు, నిద్ర లేదు, అంతా నా ఖర్మ అనిపిస్తోంది.

రెండు వారాలకు పైగా ఇలాగే ఉంటే దాన్ని లక్ అనుకోకండి, డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ నంబరు 14416, ప్రభుత్వానిది, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు కూడా మా గోడ మీద ఉంది.

ఈ అలవాట్లు ఎన్ని రోజులకు పట్టుబడతాయి?

భవానీ దీక్షలో మండలం 41 రోజులు, అర్ధమండలం 21 రోజులు. మన వాళ్ళ అంచనా మరీ దూరం లేదు. లండన్‌లో 96 మందిని గమనిస్తే ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 వరకూ పడుతుందని లెక్కేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. దీక్షలాగా నియమం తప్పితే మాల తీసేయాలన్నంత భయం అక్కర్లేదు. ఒక్క అలవాటుతో మొదలుపెట్టండి. పడుకునే ముందు ఇవాళ కలిసొచ్చింది ఒకటి, కొత్తగా మాట్లాడిన మనిషి పేరు ఒకటి రాసుకోవడం తేలిక. మొదటి వారం రాయడానికి ఏమీ దొరకదు, బస్సులో సీటు దొరికింది లాంటివే రాస్తారు. అదీ రాయండి.

ఇన్ని చెప్తారు, మీరు మాత్రం పొద్దున్నే బోణీ బేరానికి సెంటిమెంట్ ఎందుకు పెట్టుకుంటారు?

దొరికిపోయాను. మొదటి గిరాకీ ఒక్క కాగితం జిరాక్స్‌కి వచ్చినా, చిల్లర లేకపోయినా వెనక్కి పంపను. నోటు తీసుకుని కళ్ళకద్దుకుని డ్రాయర్‌లో వేస్తాను. దీనికి శాస్త్రం ఏమీ లేదు. మొదటి మనిషితో నవ్వుతూ మాట్లాడితే ఆ రోజంతా నా గొంతు అలాగే ఉంటుంది, అంతవరకు గమనించాను. మొన్న ఒక పాప రెండు రూపాయల జిరాక్స్‌కి ఐదు వందల నోటు ఇచ్చింది. చిల్లర కోసం నేను నాలుగు షాపులు తిరిగొచ్చాను.